ద్వారబంధానికి చుట్టిన పాత చీర

ఆమధ్య మా తమ్ముడు ఏసోబు, మరదలు కరుణ మాచర్ల నుంచి నరసరావుపేటలోని మా ఇంటికి వచ్చారు. చెప్పులు విడిచి లోపలికి అడుగు పెడుతూనే వాడు ఎడమ భుజాన్ని ద్వారబంధానికి టప్పున కొట్టుకున్నాడు. "అబ్బా! ఏందక్కా, గుమ్మం ఇంత ఇరుగ్గా పెట్టించావు?" అని దాన్నే కసిరాడు. మా గుమ్మం ఇరుకేమీ కాదు. బీరువాను అడ్డంగా తిప్పకుండానే లోపలికి తెచ్చిన గుమ్మం. అంతకుముందు వచ్చినప్పుడు కూడా కొట్టుకుంటే నవ్వుకుని ఊరుకున్నాం. ఈసారి ఎండన పడి వచ్చాడేమో, చొక్కా విప్పి ఫ్యాను కింద కూర్చుని భుజం రుద్దుకుంటున్నాడు. అక్కడ నల్లగా కమిలిన మచ్చ ఒకటి, దాని పక్కనే మానుతూ పచ్చబడిన పాత మచ్చ ఇంకొకటి కనిపించాయి. నా చేతిలో మంచినీళ్ల చెంబు అట్లాగే ఉండిపోయింది. ఆ మచ్చలు నాకు బాగా తెలిసినవి. చిన్నప్పుడు నా చేత్తో వాటికి ఆముదం రాసేదాన్ని. మా నాయనమ్మకు, సరిగ్గా అదే చోట.

మేం పుట్టి పెరిగింది గురజాల దగ్గర పల్లెలో. మిరప కోతలు మొదలయ్యాయంటే మా ఇంట్లో మనుషుల కంటే తుమ్ములే ముందు నిద్ర లేచేవి. కల్లంలో ఎర్రగా పరిచిన కాయల మీంచి గాలి మళ్లిందంటే ఆ ఘాటు పాలకుండలోకి కూడా దిగేది. పొద్దున్నే నాయనమ్మ లేచి, మొహం కడుక్కుని, గోడకు ఆనుకుని కూర్చుని ప్రార్థన చేసుకునేది. ఆమె ప్రార్థన గట్టిగా ఉండేది కాదు. పెదాలు కదిలేవి, మధ్యమధ్య ఒక తుమ్ము, మళ్లీ పెదాలు. పొయ్యిలో పత్తి కట్టె అంటుకున్న వాసన, అమ్మ పెనం మీద వేసిన జొన్నరొట్టె వాసన, వాటన్నిటి మీదుగా మిరప ఘాటు. ఇప్పటికీ మార్కెట్ యార్డు పక్కగా ఆటోలో పోతుంటే అందరూ కొంగులు ముక్కుకు అడ్డం పెట్టుకుంటారు. నేను మాత్రం హాయిగా ఊపిరి తీసుకుంటాను. నాకది మా ఇంటి వాసన.

ప్రార్థన కాగానే నాయనమ్మ కల్లంలో ఆడవాళ్ల వరసలో కూర్చునేది. ఎర్రకాయల్లోంచి తెల్లగా పాలిపోయిన తాలుకాయలు ఏరి పక్కన పోయడం వాళ్ల పని. ఆ పనిలో ఆమెను మించినవాళ్లు మా పల్లెలో లేరు. కాయను కళ్ల ముందుకు తెచ్చుకుని ఒక్క చూపు చూసేది, అంతే, ఇటో అటో విసిరేది. ఎర్రకుప్పలో ఒక్క తాలుకాయ పొరపాటున కూడా పడేది కాదు. అందుకే ఆమె కళ్లంటే ఊరంతటికీ గురి. దానికి తోడు సూది. మా వైపు కళ్లు బాగున్నాయా లేదా అని తేల్చడానికి ఒకటే పరీక్ష, సూదిలో దారం ఎక్కించడం. ఎక్కిస్తే చూపు ఉన్నట్టు, ఎక్కించలేకపోతే పోయినట్టు. వయసులో ఉన్న కోడళ్లు దారం కొసను నోట్లో పెట్టి తడుపుతూ, తడుముకుంటూ ఉంటే మా నాయనమ్మ ఒక్క పోటుకే ఎక్కించి సూదిని గాల్లో ఊపేది.

"చూశారా పిల్లలూ! కళ్లంటే ఇయ్యీ" అనేది.

ఆ వెంటనే, "ఏమే కోడలా, మజ్జిగ ఇస్తానంటివి, ఏదీ?" అని అడిగేది. మజ్జిగ గ్లాసు అప్పటికే ఆమె మోచేతి పక్కన ఉండేది.

మేం పిల్లలం పడీపడీ నవ్వేవాళ్లం. నాయనమ్మ కూడా నవ్వేది, "పనిలో పడితే నాకు ఒళ్లు తెలవదే" అంటూ. అందరం నమ్మాం. నమ్మకపోవడానికి ఏముంది? సూదిబెజ్జం కనపడే మనిషికి మజ్జిగ గ్లాసు కనపడలేదంటే అది పరాకు కాక ఇంకేమిటి! గుమ్మం దాటుతూ భుజం కొట్టుకుంటే తొందర. కట్టేసిన గేదె మీదకే నడిచిపోతే ఆలోచన. దారిలో పక్కనుంచి ఎవరైనా పలకరిస్తే తల తిప్పకపోవడం పొగరు. ఈ పొగరు సంగతి మా వీధి మొత్తానికీ తగువు తెచ్చింది. ఎదురింటి రాహేలత్త ఒకరోజు మా అమ్మ మీదికి వచ్చింది.

"ఏమే, మీ అత్తకి అంత గీరేంది? చర్చి నుంచి వస్తా పక్కనే నడుస్తన్నా. వదినా వదినా అని పిలుస్తన్నా. నా మొగం వంక చూడకుండా ఊరికే ఊఁ అని పోయింది."

"గీర కాదొదినా, ఆమెకి ధ్యాస అంతా దేవుడి మీద" అంది అమ్మ.

"దేవుడు నా పక్కన నడవట్లేదా ఏంది!" అంది రాహేలత్త.

ఆ మాటకు ఇంట్లో చాన్నాళ్లు నవ్వుకున్నాం. అమ్మ మాత్రం నవ్వుతూనే ఆ రోజు ఒక పని చేసింది. తన పాత నేత చీరను పొడుగ్గా చింపి, నడింటి ద్వారబంధానికి ఎడమవైపు నిలువుకొయ్య పొడుగునా నాయనమ్మ భుజం ఎత్తుదాకా మందంగా చుట్టి, పురికొసతో కట్టింది. "ఇంక కొట్టుకో అత్తా, ఎంతసేపు కొట్టుకుంటావో" అంది. కారణం మా అమ్మకు కూడా తెలియదు. దెబ్బ తగులుతోంది కాబట్టి దెబ్బ తగిలే చోట మెత్తగా చేసింది, అంతే. వచ్చినవాళ్లంతా ఆ గుడ్డను చూసి వింతగా అడిగేవాళ్లు. మిరపకాయలు కొనడానికి వచ్చిన షావుకారొకాయన "ఏందమ్మా, ఏదన్నా మొక్కా?" అన్నాడు. "మాకు మొక్కులుండవయ్యా, మా అత్తకు భుజాలున్నయి" అంది అమ్మ. ఆ చీర మీద ఆకుపచ్చ గళ్లుండేవి. నాయనమ్మ చెయ్యి, భుజం తగిలీ తగిలీ ఆ గళ్లు నూనె పట్టి నల్లబడ్డాయి.

పోనుపోను చీకటి పడితే ఆమెకు నడక కష్టమైంది. అప్పుడు ఊరు ఊరంతా వైద్యులే. పొయ్యి పొగకు కళ్లు పోయాయని ఒకరు, మిరప ఘాటుకని ఒకరు, మా తాతయ్య పోయినప్పుడు ఏడ్చిన ఏడుపుకని ఇంకొకరు. బుడ్డిదీపం దగ్గర చదివి చదివి కళ్లలో నూనె అయిపోయిందని రాహేలత్త తేల్చింది. ఆమె కోపం అప్పటికి చల్లారిందిలెండి. మాడుకు ఆముదం పెట్టారు. నందివర్ధనం పూలు తెచ్చి రాత్రిళ్లు కళ్ల మీద పరిచారు. ఆ పూల చల్లదనానికి నాయనమ్మ "హాయిగా ఉందే" అనేది, అంతవరకు నిజమే. అందరూ ఒప్పుకున్న మాట మాత్రం ఒకటుంది, అది శుక్లమని. శుక్లం ముదరాలి, ముదిరితేగాని ఆసుపత్రిలో తీయరు, అప్పటిదాకా ఆగాలి. కాయ పండనిదే కోయం కదా, అట్లాగే. పంట మీద బతికే మాకు ఆ లెక్క ఎంతో సబబుగా తోచింది. చూపు పండుతుందని ఎదురుచూస్తూ కూర్చున్నాం. అది పండటం లేదని, చుట్టూ అంచుల నుంచి ఎండిపోతూ వస్తోందని మాకెవరికీ తెలియలేదు.

ఒక సాయంత్రం చర్చి నుంచి వస్తూ కాలువ తూము మీద పక్కకు అడుగు వేసి పడిపోయింది. కాలువలో నీళ్లు తక్కువగా ఉన్నాయి, దేవుడి దయ. మోకాలు చెక్కుకుపోవడంతో సరిపోయింది. ఆ రోజు మా నాన్న, "ఇంక ఎవరో ఒకరు ఆమె పక్కన ఉండాల్సిందే" అన్నాడు. అమ్మకు పొలం, ఏసోబు చంటివాడు. మిగిలింది నేను. నా పలకా బలపం అటకెక్కాయి. నాకు ఏడుపు రాలేదు, బడి అంటే అప్పటికి నాకు బెత్తమే. నాయనమ్మే ఏడ్చింది. తర్వాత కళ్లు తుడుచుకుని నన్ను కల్లం దగ్గరికి చెయ్యి పట్టి నడిపించమంది. చాటలో మిరపగింజలు పోయించింది. వేలితో వాటిని తోసి, వరస పెట్టి, 'అ' రాసింది.

"నీ బడి నేను తీసుకున్నానే శాంతీ. తీసుకున్నది తిరిగి ఇవ్వాలిగా. రాయి."

అట్లా నా చదువు మిరపగింజల్లో మొదలైంది. ఒకసారి 'ఋ' దగ్గర కష్టమొచ్చి గింజల చేత్తోనే కళ్లు నులుముకున్నాను. ఆ పూటంతా కేకలు పెట్టాను, అమ్మ ఇద్దర్నీ కలిపి తిట్టింది. తర్వాత పాటల పుస్తకం వచ్చింది. నాయనమ్మ చీపురుపుల్ల ఒకటి పట్టుకుని ఒక్కొక్క మాట కింద పెట్టి చదివించేది. పుల్ల జరిగితే తప్ప తర్వాతి మాట ఆమెకు కనపడేది కాదని ఇప్పుడు అర్థమవుతుంది. తాళంచెవి బెజ్జంలోంచి చూసినట్టు ఒక్కో మాటే ఆమె ముందుకు వచ్చేది. అందుకే ఒక్కో మాటనూ అంత ఇష్టంగా, అంత నిమ్మళంగా పలికేది. నేను చదివే తీరు కూడా అదే అయింది. తర్వాత నేను ఎన్ని పుస్తకాలు చదివినా, ఈ నాలుగు ముక్కలు రాయగలుగుతున్నా, అది ఆ చిన్న బెజ్జంలోంచి ఆమె నాకు అందించిందే. బడి ఆగిపోయిందే అన్న దిగులు నాకు ఏనాడూ లేదు.

చివరికి గురజాలలో కంటి క్యాంపు పెట్టారని తెలిసి నాన్న ఆమెను బండి మీద తీసుకెళ్లాడు. నేనూ వెళ్లాను. డాక్టరు చిన్న లైటుతో చాలాసేపు చూశాడు. తర్వాత నాయనమ్మ ముక్కుకు ఎదురుగా వేలు పెట్టి, "కనపడుతుందా పెద్దమ్మా?" అన్నాడు. "ఎందుకు కనపడదు, గోరు కూడా కనపడతంది" అంది. ఆ వేలిని కొంచెం పక్కకు జరిపాడు, చెవి దాకా కూడా కాదు. "ఇప్పుడో?" నాయనమ్మ "తీసేశావుగా నాయనా" అంది. వేలు అక్కడే ఉంది. మా నాన్న మొహం నేను చూశాను.

"ఇది శుక్లం కాదండి, నీటికాసులు. కంట్లో నీటి ఒత్తిడి పెరిగి లోపలి నరం ఎండిపోతుంది. నొప్పి ఉండదు, పక్కచూపు నుంచి మెల్లగా పోతుంది. పోయింది ఆపరేషన్ చేసినా రాదు. ముందే వచ్చుంటే చుక్కలతో ఆపేవాళ్లం" అన్నాడు. తర్వాత నా వైపు చూసి, "ఇది రక్తసంబంధంలో వస్తుంది. ఈ పాప పెద్దయ్యాక ఏడాదికోసారి కళ్లు చూపించుకోవాలి" అన్నాడు. నాన్న తల వంచుకున్నాడు. నాయనమ్మ మాత్రం నా చెయ్యి వెతుక్కుని పట్టుకుంది. "ఇన్నాళ్లు చూపించినందుకు దేవుడికి స్తోత్రం. ఇంక ఈ పిల్ల చూసి నాకు చెప్పిద్ది" అంది. తిరిగి వచ్చేటప్పుడు బండి మీద నేను చెబుతూనే ఉన్నాను. పత్తి చేను వచ్చింది నాయనమ్మా, కొంగలు లేచినయి నాయనమ్మా, మన తూము వచ్చింది. ఆమె పోయేదాకా నా పని అదే, నాకు అంతకంటే మంచి ఉద్యోగం తర్వాత దొరకలేదు.

ఆ డాక్టరు మాట నేను మరవలేదు. వయసు వచ్చాక ఏడాదికోసారి ఇక్కడి కంటాసుపత్రికి వెళ్లి కూర్చుంటాను. ఆమధ్య శుక్లం వస్తే తీయించుకుని కంటి లోపల అద్దం పెట్టించుకున్నాను. మర్నాడు కట్టు విప్పగానే గోడ మీది క్యాలెండరు అంకెలు కొత్త గిన్నెల్లా మెరిశాయి. నీటికాసులు మాత్రం నాకు లేవన్నారు. ఏసోబుకు కూడా చెప్పీ చెప్పీ నా నోరు నొప్పి పుట్టింది. వాడు మాచర్లలో దర్జీ. వాడి జవాబు ఎప్పుడూ ఒకటే, "సూదిలో దారం ఎక్కిస్తన్నా, నా కళ్లకేంది?" అని. మా కుటుంబంలో ఆ పరీక్ష ఇంకా బతికే ఉంది మరి.

ఆ రోజు వాడి భుజం మీది మచ్చలు చూశాక నేను మళ్లీ మాట ఎత్తాను. వాడు మళ్లీ అదే అన్నాడు. అనడమే కాదు, "సూది తేవే అక్కా" అన్నాడు. తెచ్చి ఇచ్చాను, అన్నిటికంటే సన్నది. కిటికీ వెలుతురుకు ఎత్తి పట్టి, ఒక్క పోటుకే ఎక్కించి, గాల్లో ఊపాడు. అచ్చం ఆమె ఊపినట్టే. కరుణ అప్పుడే టీ తెచ్చి వాడికి ఎడమ పక్కన స్టూలు మీద పెట్టి, నా పక్కకు వచ్చి కూర్చుంది.

"చూశావా? కళ్లంటే ఇయ్యీ" అన్నాడు. "టీ ఇస్తానంటివే కరుణా, ఏదీ?"

కరుణ నవ్వింది. "పక్కనే పెట్టానయ్యా, చూసుకో! ఈ మధ్య ఈయనకి పరాకు ఎక్కువైంది వదినా. మొన్న స్కూటరు మీద పోతా పక్కనుంచి వచ్చే ఆటోకి తగిలిచ్చాడు."

వాడు తలంతా తిప్పితే గాని గ్లాసు కనపడలేదు. "ఎప్పుడు పెట్టావు?" అన్నాడు. నేను నవ్వకపోవడం చూసి కరుణ నవ్వు ఆపేసింది.

"ఒరే, రేపు పొద్దున్నే ఆసుపత్రికి పోతన్నాం" అన్నాను.

"నేను రాను."

"ఎందుకని?"

వాడు టీ గ్లాసు చేతిలోకి తీసుకుని, మళ్లీ స్టూలు మీదే పెట్టేశాడు. "కళ్లకి ఏదన్నా ఉందంటే నా మిషను తొక్కేది ఎవరక్కా? నాకు ఇంకో పని రాదు" అన్నాడు. అప్పటిదాకా వాడు చెప్పిన జవాబులన్నీ ఈ భయం మీద కప్పిన గుడ్డలని నాకు తెలిసింది.

"చూపు తెలుసుకోకపోతే ఉండిద్దా, తెలుసుకుంటే పోయిద్దా? నాయనమ్మ తెలియకే పోగొట్టుకుంది. నువ్వు ఆమె కంటే అదృష్టవంతుడివి, ఆమె నీకు ముందు నడిచింది. లే, అన్నం తిని పడుకో" అన్నాను. ప్రార్థనలో ఆ రాత్రి నేను ఏమీ అడగలేదు. ఇప్పటికైనా చూపించినందుకు కృతజ్ఞత చెప్పాను.

మర్నాడు ఆసుపత్రి బెంచీ మీద మా వయసువాళ్లే అందరూ. ఒక పెద్దాయనకు శుక్లం. ఇంకొకామెకు షుగర్ ముదిరి కంటి వెనక పొరలో రక్తం కారిందట. సత్తెనపల్లి నుంచి వచ్చిన ఒక రిటైర్డు మాస్టారికి నట్టనడుమే మసక. "గోడలూ తలుపులూ అన్నీ కనపడతయ్యమ్మా, ఎదురుగా ఉన్న మనిషి మొగమే కనపడదు" అన్నాడు. మా నాయనమ్మకు మొగం కనపడేది, గోడలే కనపడేవి కావు. వయసు వచ్చాక చూపు తగ్గడం అంటే ఒకటే జబ్బనుకుని, అన్నిటికీ కలిపి శుక్లమని పేరు పెట్టి, ముదరనీ ముదరనీ అని కూర్చున్న మా ఊరు గుర్తొచ్చింది. ఒకటి తీస్తే పోయేది, ఒకటి షుగర్‌ను అదుపులో పెట్టుకోవాల్సింది, ఒకటి ఆలస్యం చేస్తే తిరిగి రానిది. లోపలికి చూడనిదే ఏది ఏదో బయటికి తెలియదు. శుక్లాన్ని కూడా ఇప్పుడు ముదిరేదాకా ఆపరు.

ఏసోబును ఒక చీకటి గదిలో గిన్నెలాంటి మిషనుకు గడ్డం ఆనించి కూర్చోబెట్టారు. మధ్యలో ఒక చుక్కనే చూస్తుండాలి. చుట్టూ ఎక్కడ మిణుకుమన్నా చేతిలోని మీట నొక్కాలి. బయటికి వచ్చి నా చెవిలో అన్నాడు, "అక్కా, ఆ మిషనుకి ఎడమ పక్క లైట్లు మాడిపోయినయి. చెప్పు వాళ్లకి, పాపం వేరేవాళ్లకి తప్పొచ్చిద్ది."

నేను వాడి చెయ్యి పట్టుకున్నాను. లైట్లేవీ మాడిపోలేదు, అన్నీ వెలిగాయి.

డాక్టరమ్మ కాగితం చూపించింది. ఎడమవైపు అంచున ఒక నల్లటి మరక, మిగతాదంతా తెల్లగా. "ఒక కంటి లోటు రెండో కన్ను సర్దేస్తుంది. అందుకే ఇన్నాళ్లు మీకు తెలియలేదు. ఈ నల్లటిది తిరిగి తేలేను. తెల్లటిది కాపాడగలం. రోజూ చుక్కలు మానకుండా వేసుకుని, నేను రమ్మన్నప్పుడల్లా వస్తే మీ మిషను మీరే తొక్కుకుంటారు" అంది. తర్వాత కలం పట్టుకుని, "మీ ఇంట్లో ఇంతకుముందు ఎవరికైనా ఉందా?" అని అడిగింది.

నేను నోరు తెరిచేలోపే ఏసోబు చెప్పాడు. "మా నాయనమ్మకండి. మా అమ్మ ద్వారబంధానికి చీర చుట్టింది."

డాక్టరమ్మకు ఆ రెండో మాట అర్థం కాలేదు. మొదటిది రాసుకుంది. వాడికి ఆ చీర గుర్తుందని నాకు అప్పటిదాకా తెలియదు.

మా అమ్మ తెలివి తక్కువది కాదు, ప్రేమ తక్కువది అంతకంటే కాదు. ఆమె చేతికి అందిన వైద్యం ఒక పాత చీర. అది భుజాన్ని కాపాడింది, కంటిని కాపాడలేకపోయింది. ఇప్పుడు నా చేతిలో వేలంత చుక్కల సీసా ఉంది, అడిగితే చెప్పే డాక్టరమ్మ ఉంది, నాలుగడుగులకు ఆటో ఉంది. పాతరోజులే మంచివని అనే మాటకు ఈ విషయంలో నేను ఒప్పుకోను. మంచివాళ్లు ఆ మనుషులు. రోజులు ఇవే మేలు. ఆ మనుషులు ఈ రోజుల్లో ఉంటే బాగుండేదని మాత్రం అనుకుంటాను.

చుక్కలు వేసుకున్నాక వాడు మాచర్ల నుంచి రోజూ ఫోన్ చేస్తాడు. "వేసుకున్నా" అంటాడు, నేను "స్తోత్రం" అంటాను, పెట్టేస్తాం. మొన్న మళ్లీ ఆసుపత్రికి చూపించుకోవడానికి వచ్చాడు. ఒత్తిడి దిగింది, నల్లటి మరక పెరగలేదన్నారు. సాయంత్రం బజారుకు పోయి తిరిగి వస్తూ గుమ్మం ముందు ఒక్క క్షణం ఆగాడు. తలను నిదానంగా ఎడమకు తిప్పి, ద్వారబంధాన్ని చూసి, దాని మీద చెయ్యి వేశాడు.

"ఇంకా చీర చుట్టలేదేందక్కా?" అన్నాడు నవ్వుతూ.

"చుట్టను. లోపలికి రా, చుక్కల టైమయింది" అన్నాను. భుజం ఎక్కడా తగలకుండా లోపలికి వచ్చాడు.